కటాంగా నాయకుడు మోయిస్ షోంబే

చరిత్రలో కొందరి పేర్లు వినినంతనే లోకులు చేతులు జోడింతురు. కొందరి పేర్లు వినినంతనే మొగము త్రిప్పుకొందురు. ఈ రెండు తెగలకును చెందక, ఒక ఊరివారిచే వీరుడనియు పొరుగూరివారిచే ద్రోహియనియు పిలువబడువారు మరికొందరు కలరు. అట్టివారి జీవితములను చదువునపుడే మన వివేకమునకు నిజమైన పరీక్ష. ఆఫ్రికా ఖండమునందలి కాంగో దేశమున జన్మించి, ఆ దేశము స్వాతంత్ర్యము పొందిన పదునొకండవ దినముననే అందలి ఒక ప్రాంతమును వేరుచేసి, పిమ్మట ఆ సమస్త దేశమునకే ప్రధానమంత్రియై, తుదకు పరదేశపు నిర్బంధములో కన్నుమూసిన మోయిస్ షోంబే ఈ మూడవ తెగకు చెందినవాడు. అతని వేర్పాటును మాన్పుటకై సాగిన పోరాటములో మన భారత సైనికులును ప్రాణము లర్పించిరి. కావున ఈ కథ మనకు కేవలము పరాయి కథ కాదు.

కాంగో, కటాంగా

కాంగో మధ్య ఆఫ్రికాలోని మహాదేశము. దాని వైశాల్యము సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. 1885 మొదలు 1908 వరకు అది బెల్జియము రాజగు రెండవ లియోపోల్డ్ యొక్క సొంత ఆస్తిగా నుండెను. రబ్బరు పాలకొరకు ప్రజలపై ఆ కాలమున జరిగిన దారుణములు లోకమంతటను అసహ్యము గలిగింపగా, 1908లో బెల్జియము ప్రభుత్వము దానిని తన వలసగా స్వీకరించెను. తరువాతి అర్ధశతాబ్దిలో రైలుమార్గములు, గనులు, ప్రాథమిక పాఠశాలలు వెలసెను గాని దేశీయులకు ఉన్నతవిద్యయు అధికారమును దాదాపు దక్కలేదు. స్వాతంత్ర్యము వచ్చునాటికి అంతటి దేశమున విశ్వవిద్యాలయ పట్టభద్రులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది మాత్రమే యుండిరి.

ఆ దేశపు ఆగ్నేయ మూలనున్న ప్రాంతమే కటాంగా. అచటి నేల తామ్రగర్భ. తెల్లవారు రాకముందే అచటి ప్రజలు రాగిని కరగించి శిలువ ఆకృతిగల బిళ్ళలుగా పోతపోసి, నాణెములవలె వాడుకొనెడివారు. 1906లో ఏర్పడిన యూనియన్ మినియేర్ అను కంపెనీ ఆ రాగిని పెద్దయెత్తున త్రవ్వసాగెను. రాగితోపాటు కోబాల్టును లభించెను. 1945లో హిరోషిమా నగరమును బూడిద చేసిన అణుబాంబునకు వలసిన యురేనియములో అధికభాగము కటాంగాలోని షింకొలోబ్వే గనినుండియే పోయినది. కాంగో ప్రభుత్వపు రాబడిలో సుమారు సగము ఈ ఒక్క ప్రాంతమునుండియే వచ్చుచుండెను. ఈ సంగతిని మనసులో నుంచుకొన్నచో తరువాతి కథ యంతయు సులభముగా బోధపడును.

జననము, విద్య, వ్యాపారము

మోయిస్ షోంబే 1919 నవంబరు 10వ తేదీన కటాంగాలోని ముసుంబాలో జన్మించెను. ముసుంబా లుండా జాతివారి ప్రాచీన రాజధాని. తండ్రి దుకాణములు మొదలైన వ్యాపారములతో ధనము గడించిన గృహస్థుడు. ఆ కాలమున ఆఫ్రికావారిలో అట్టి సంపన్నులు అరుదు. బాలుడు అమెరికా మెథడిస్టు మిషనరీల పాఠశాలలో చదివి, పిదప పద్దులు వ్రాయు విద్యను అభ్యసించెను. లుండా రాజకుటుంబముతో అతనికి బంధుత్వము కలదు. ఆ రాజు కుమార్తెనే అతడు వివాహమాడెను.

తండ్రి అనంతరము వ్యాపారభారము షోంబేపై బడెను. కాని తండ్రి చేతిలో పెరిగిన వ్యాపారము కుమారుని చేతిలో నిలువలేదు. నష్టముపై నష్టము వచ్చెను. మనుష్యులను ఆకట్టుకొనుట, చిరునవ్వుతో బేరమాడుట, ఎదుటివాని అవసరమును కనిపెట్టుట అతనికి పుట్టుకతో వచ్చిన విద్యలు. అవి అంగడిలోకంటె రాజకీయములలోనే అతనికి ఎక్కువ లాభించెను. 1951 మొదలు 1953 వరకు అతడు కటాంగా ప్రాంతీయ మండలిలో సభ్యుడుగా నుండెను.

స్థానికులు, వలసవచ్చినవారు

గనులలో పనికై పొరుగుననున్న కసాయి ప్రాంతమునుండి లూబా జాతివారు వేలకొలదిగా కటాంగాకు వలస వచ్చిరి. వారు శ్రమజీవులు, చదువునందు ఆసక్తి గలవారు. కొలదికాలములోనే గుమాస్తా యుద్యోగములు, మేస్త్రీ పనులు వారివశమయ్యెను. 1957లో ఎలిజబెత్‌విల్ నగరమున పురపాలక ఎన్నికలు జరుగగా పెద్ద పదవులు వలసవచ్చినవారికే దక్కెను. ఈ నగరమే నేటి లుబుంబాషి. తమ యింటిలో తామే పరాయివారమైతి మను బాధ స్థానికులలో రగుల్కొనెను. ఆ బాధనుండి 1958లో కోనకాట్ అను పక్షము పుట్టెను. షోంబేయు, గొడెఫ్రాయ్ మునొంగోయు దాని ప్రముఖులు. మునొంగో, 1891లో లియోపోల్డు పంపిన దండువారిచే చంపబడిన మ్సిరి రాజునకు మనుమడు. తెల్లవారి తుపాకికి బలియైన రాజు మనుమడే తెల్లవారి కంపెనీతో చేయి కలుపుట కాలవైపరీత్యమని చెప్పవలెను.

స్థానికుల ఆవేదన కల్పితము కాదు. కాని దానికి అండగా నిలిచినవారు ఎవరో చూడవలసియున్నది. కటాంగాలో స్థిరపడిన తెల్లదొరలును, గనుల యజమానులును కోనకాట్‌ను చేరదీసిరి. గనుల సొమ్ము దూరముననున్న లియోపోల్డ్‌విల్ రాజధానికి, అనగా నేటి కిన్షాసాకు, పోగూడదన్న కోరిక ఉభయులకును సమానమే. ప్రాంతపు బిడ్డల కడుపుమంటయు, కంపెనీ లాభదృష్టియు ఒకే బండికి పూన్చబడెను. ఆ బండి పగ్గములు ఎవరి చేతనుండె నను ప్రశ్నయే షోంబే జీవితమంతటికిని మూలమైన ప్రశ్న.

1960 మే నెలలో జరిగిన ఎన్నికలలో కాంగో శాసనసభయందలి 137 స్థానములలో కోనకాట్‌కు దక్కినవి 8 మాత్రమే. కటాంగా ప్రాంతీయ సభలో మాత్రము దానికి స్వల్పమైన ఆధిక్యము వచ్చెను. ఎదిరిపక్షమువారు సభకు రాకుండుటచే మంత్రివర్గము ఏర్పడలేకపోయెను. అపుడు బెల్జియము సభ్యుల హాజరును గూర్చిన నియమమునే మార్చివేసెను. ఆ విధముగా షోంబే కటాంగా ప్రభుత్వాధిపతి యయ్యెను.

వేర్పాటు

1960 జూన్ 30న కాంగో స్వతంత్రమయ్యెను. కాసావుబు అధ్యక్షుడు, పాట్రిస్ లుముంబా ప్రధానమంత్రి. ఐదు దినములు గడచునంతలో సైనికులు తమ బెల్జియము అధికారులపై తిరుగబడిరి. దేశమంతట కల్లోలము వ్యాపించెను. తమవారి రక్షణ పేరిట బెల్జియము సైన్యము మరల కాంగోలో దిగెను. ఆ సందడిలో జూలై 11న షోంబే కటాంగా స్వతంత్రరాజ్యమైనదని ప్రకటించెను. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల పతాకముపై పూర్వపు రాగి శిలువలు మూడు చిత్రింపబడెను. క్రొత్త నాణెములును, క్రొత్త తపాలా బిళ్ళలును వెలువడెను.

అయినను ఆ రాజ్యమును లోకములోని ఏ ఒక్క దేశమును లాంఛనముగా గుర్తింపలేదు. బెల్జియము కూడ గుర్తింపలేదు. అయితే బెల్జియము అధికారులే అచటి సైన్యమునకు శిక్షణ నిచ్చిరి. కార్యాలయములు నడిపినవారును వారే. యూనియన్ మినియేర్ కంపెనీ కేంద్రమునకు చెల్లింపవలసిన పన్నులను షోంబే ప్రభుత్వమునకు చెల్లించెను. ఆ ధనముతో ఐరోపానుండియు దక్షిణాఫ్రికానుండియు కిరాయి సైనికులు రప్పింపబడిరి. షోంబేను గిట్టనివారు అతనిని నగదుపెట్టె దొర యని ఎగతాళి చేయుటకు కారణ మిదియే.

కటాంగా ప్రజలందరును షోంబే వెంట నుండిరని తలచుట పొరపాటు. ఉత్తర కటాంగాలోని లూబావారు జాసన్ సెండ్వే నాయకత్వమున ఈ వేర్పాటును వ్యతిరేకించిరి. వారిని అణచుటకు షోంబే సైన్యము గ్రామములను తగులబెట్టెను, జనమును చంపెను. ఎలిజబెత్‌విల్‌లోని లూబా కుటుంబములు వేలకొలదిగా ఐక్యరాజ్యసమితి శిబిరమును శరణుజొచ్చెను. కటాంగా హక్కుల పేరుతో ఏర్పడిన ప్రభుత్వము కటాంగా ప్రజలలోనే ఒక భాగముపై కత్తి దూసెను.

లుముంబా హత్య

షోంబే పేరునకు మాయనిమచ్చ తెచ్చినది లుముంబా హత్య. 1960 సెప్టెంబరులో కాసావుబు లుముంబాను పదవినుండి తొలగించెను. కొలది దినములకే సేనాని మొబూటు అధికారమును హస్తగతము చేసికొనెను. నిర్బంధమునుండి తప్పించుకొని పోవుచుండగా లుముంబా డిసెంబరు 1న పట్టుబడెను. 1961 జనవరి 17న లుముంబాను, అతని అనుచరులగు మపోలో, ఒకీటోలను విమానములో ఎలిజబెత్‌విల్‌కు, అనగా బద్ధశత్రువుల చేతికి, పంపిరి. దారిపొడవునను వారిని కొట్టిరి. దిగిన పిదపను కొట్టిరి. ఆ రాత్రియే ఊరివెలుపల అడవిలో మువ్వురను కాల్చిచంపిరి. ఆ తుపాకులు బెల్జియము అధికారుల ఎదుటనే ప్రేలెను. అచట షోంబేయు అతని మంత్రులును ఉండిరి. పిమ్మట శవములు కూడ మిగులకుండ ఆమ్లములో కరగించిరి.

దాదాపు నాలుగు వారముల తరువాత, పారిపోవుచున్న లుముంబాను పల్లెవాసులు చంపిరని కటాంగా ప్రభుత్వము ప్రకటించెను. ఆ మాటను ఎవరును నమ్మలేదు. ఐక్యరాజ్యసమితి విచారణసంఘము కూడ దానిని తిరస్కరించెను. షోంబే తరువాతికాలమున ఈ పాపమును ఇతరులపైకి నెట్టజూచెను. లుముంబాను పంపినవారి దోషమును, దగ్గరనుండి నడిపించిన బెల్జియముదొరల దోషమును చిన్నవి కావు. 2001లో బెల్జియము శాసనసభా విచారణసంఘము తమ దేశమునకు ఈ హత్యలో నైతిక బాధ్యత కలదని తేల్చెను. మరుసటి సంవత్సరము బెల్జియము ప్రభుత్వము క్షమాపణ వేడుకొనెను. అయినను తన యింటికి బందీగా తేబడిన నిరాయుధుని ప్రాణము కాపాడుటకు షోంబే ఒక్క మాటయు పలుకలేదు. ఆ అపరాధమునుండి అతనిని ఎవరును తప్పింపజాలరు.

ఐక్యరాజ్యసమితి సేన, భారతవీరులు

1961 ఫిబ్రవరిలో భద్రతాసమితి అంతర్యుద్ధమును ఆపుటకు అవసరమైనచో బలమును ప్రయోగింపవచ్చునని తీర్మానించెను. ఆ పిలుపు నందుకొని భారతదేశము ఒక పూర్తి బ్రిగేడును కాంగోకు పంపెను. సెప్టెంబరులో ఎలిజబెత్‌విల్‌లో పోరు చెలరేగెను. షోంబేతో సంధి మాటలాడుటకై బయలుదేరిన సమితి ప్రధానకార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ సెప్టెంబరు 18న ఎన్‌డోలా చెంత విమానప్రమాదములో మరణించెను. అది ప్రమాదమా, కుట్రయా యను సందేహము తరువాత ఎన్నో ఏండ్లు తీరలేదు.

అదే సంవత్సరము డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కటాంగా సైనికులు అడ్డగించిన దారిని విడిపించుచు గూర్ఖా దళమునకు చెందిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా కొలదిమంది సైనికులతో అధికసంఖ్యాకులగు శత్రువులపైకి ఉరికి, వీరమరణము పొందెను. భారతప్రభుత్వము అతనికి పరమవీరచక్రము నొసగెను. ఆ నెల 21న షోంబే కిటోనాలో వేర్పాటును విడుతునని ఒడంబడికపై సంతకము చేసెను గాని తిరిగివచ్చి మాట మార్చెను. ఒప్పుకొనుట, వాయిదావేయుట, మరల బేరమాడుట అతని నిత్యవిధానము. సంవత్సరకాలము ఇట్లే గడచెను. 1962 డిసెంబరు చివర ఐక్యరాజ్యసమితి సేన కడపటి దాడి ప్రారంభించెను. కటాంగాలోని ఆ సేనలకు అధిపతి మన మేజర్ జనరల్ ప్రేమ్‌చంద్. 1963 జనవరి మధ్యలో షోంబే వేర్పాటు ముగిసినదని ప్రకటించెను. రెండున్నర సంవత్సరముల రాజ్యము అంతరించెను. కొలది నెలలకు అతడు స్పెయిను చేరెను.

వేర్పాటువాది ప్రధానమంత్రి యగుట

పిమ్మట జరిగినది కట్టుకథలలోను కానరాదు. 1964లో కాంగో తూర్పుభాగము తిరుగుబాటుదారుల వశమయ్యెను. సైన్యము నిలువలేకపోయెను. దిక్కుతోచని కాసావుబు, నాడు దేశమును చీల్చిన షోంబేనే పిలిపించి 1964 జూలైలో ప్రధానమంత్రిని చేసెను. షోంబే అంగోలాకు తరలిపోయిన తన పాత సైనికులను రప్పించెను. కిరాయి సైనికులను మరల కూర్చెను. తిరుగుబాటుదారులు స్టాన్లీవిల్‌లో, అనగా నేటి కిసాంగానిలో, వేయిమందికి పైబడిన విదేశీయులను బందీలుగా పట్టియుంచిరి. నవంబరు 24న అమెరికా విమానములలో వచ్చిన బెల్జియము సైనికులు అచట దిగి అత్యధికులను విడిపించిరి. కొందరు బందీలు హతులైరి. అదే దినమున షోంబే సేనలు నగరము ప్రవేశించెను. కిరాయివారు పోయిన త్రోవలో దోపిడికిని హత్యలకును మేర లేకపోయెను. వారికి చిక్కిన కాంగో పల్లెవాసుల సంఖ్యను ఎవరును సరిగా లెక్కింపలేదు.

ఆఫ్రికా నాయకులు షోంబేను తమ పంక్తిలో కూర్చుండనీయలేదు. 1964 అక్టోబరులో కైరోలో జరిగిన అలీనదేశముల మహాసభకు అతడు పిలువని పేరంటమునకు వలె పోగా, నాసర్ ప్రభుత్వము అతనిని సభకు రానీయక ఒక భవనములో నిర్బంధించి త్రిప్పి పంపెను. ఇంటిలో మాత్రము అతని పలుకుబడి పెరిగెను. 1965 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో ఒడంబడిక చేసికొని, వలసప్రభుత్వము కంపెనీలలో పెట్టిన వాటాలను కాంగోకు రప్పించెను. కంపెనీకి తొత్తని పేరుపొందినవాడు ఆ కంపెనీ వాటాలను దేశమునకు తెచ్చుట గమనింపదగినది. ఆ యేటి ఎన్నికలలో అతని కూటమికి అత్యధిక స్థానములు వచ్చెను. అదే అతనికి చేటు తెచ్చెను. అధ్యక్షపదవికి పోటీయగు నన్న భయమున కాసావుబు అక్టోబరులో అతనిని తొలగించెను. వీరిద్దరి కలహమును సాకుగా చేసికొని నవంబరు చివర మొబూటు రాజ్యము నాక్రమించెను. ఆ నియంతృత్వము 1997 వరకు సాగెను.

నిర్బంధము, మరణము

షోంబే మరల స్పెయిను చేరెను. 1967 మార్చిలో మొబూటు ప్రభుత్వపు న్యాయస్థానము అతని పరోక్షమున మరణశిక్ష విధించెను. ఆ యేడు జూన్ 30న, కాంగో స్వాతంత్ర్యదినముననే, అతడు స్పెయిను దీవులమీదుగా పోవుచుండగా తోటి ప్రయాణికు డొకడు తుపాకి చూపి విమానమును అల్జీరియాకు మళ్ళించెను. అల్జీరియా న్యాయస్థానము అతనిని కాంగోకు అప్పగింపవచ్చునని తీర్పు చెప్పెను గాని అచటి అధినేత బూమెదియెన్ అప్పగింపలేదు, విడువనులేదు. శత్రువుల చేతికి విమానములో తీసికొనిపోబడిన లుముంబా గతియే తనకును పట్టునేమో యన్న భయముతో షోంబే రెండేండ్లు గడపెను. 1969 జూన్ 29న గుండె ఆగి మరణించెనని ప్రకటింపబడెను. అప్పటికి అతనికి యేబది సంవత్సరములు కూడ నిండలేదు. ఆ మరణముపై అనుమానములు వ్యక్తమైనను అవి నిరూపితములు కాలేదు. పుట్టిన గడ్డపై అతనికి చోటు దొరకలేదు. బెల్జియములో అతనిని సమాధి చేసిరి.

తీరని తగవు

షోంబేను గూర్చిన వాదము నేటికిని ముగియలేదు. ఆఫ్రికాలో పెక్కుమందికి అతడు పరదేశ ధనమునకు అమ్ముడుపోయినవాడు, లుముంబా రక్తము చేతికంటినవాడు. కటాంగాలో మరికొందరికి అతడు తమ నేల సంపద తమకు చెందవలెనని ధైర్యముగా పలికినవాడు. మొబూటు పాలనలో కటాంగా పేరే మార్చబడి షాబా యయ్యెను. 1967లో గనులు జాతీయము చేయబడెను గాని వాని సొమ్ము పాలకుల విలాసములపాలయ్యెను. ఆ దుష్పాలనను చూచినవారిలో షోంబే చెప్పినదే నిజమాయె నను భావము బలపడెను. 1977, 1978 సంవత్సరములలో అతని పాత సైనికులు అంగోలానుండి దండెత్తివచ్చిరి. 2013లో వేర్పాటు కోరు సాయుధులు లుబుంబాషిలో ప్రవేశించి పాత కటాంగా పతాకము నెత్తిరి.

2006 నాటి కాంగో రాజ్యాంగము, ఏ ప్రాంతమున వసూలైన జాతీయాదాయములో నూటికి 40 వంతులు ఆ ప్రాంతమునకే ఉండవలెనని విధించెను. షోంబే లేవనెత్తిన ప్రశ్నకు ఆలస్యముగానైనను న్యాయమైన సమాధాన మిది. కాని ఆచరణలో ఆ వంతు ప్రాంతములకు సరిగా చేరలేదు. 2015లో కటాంగాను నాలుగు ప్రాంతములుగా విభజించిరి. నేడు లోకమునకు వలసిన కోబాల్టులో సగమునకు మించి కాంగోనుండియే వచ్చుచున్నది. మన చేతిలోని సెల్‌ఫోనులోను ఆ మట్టి కొంత యుండవచ్చును. ఆ మట్టి త్రవ్వు కూలివాని గుడిసెలో మాత్రము దారిద్ర్యము తొలగలేదు.

ఈ జీవితమును తూచునపుడు రెండు విషయములను కలిపివేయరాదు. తన ప్రాంతపు సంపదలో తనవారికి న్యాయమైన పాలు కోరుట నేరము కాదు. ఆ కోరికను బయటివారి తుపాకులతోను, కిరాయి సైన్యముతోను, పొరుగుజాతి రక్తముతోను నెగ్గించుకొనబూనుట నేరము. షోంబే మొదటిదానిని పలికెను, రెండవదానిని చేసెను. అతని ప్రశ్న న్యాయమైనది గనుక అతని కృత్యములు మన్నింపదగినవి కావు. అతని కృత్యములు హేయములు గనుక ఆ ప్రశ్న అబద్ధము కాదు. 2022లో లుముంబా దేహమున మిగిలిన ఒకే ఒక దంతమును బెల్జియము కాంగోకు తిరిగి యిచ్చెను. ఆ దేశప్రజలు దానిని కన్నీటితో ఊరేగించి సమాధి చేసిరి. షోంబే విషయమున అట్టి ఏకాభిప్రాయము కుదురలేదు. గనిలో దిగు కూలివానికి తన నేలయందు న్యాయమైన పాలు దక్కువరకు కటాంగాలో ఆ తగవు తీరదు.